బిళ్ళగన్నేరులోని మందు

ఏడాది పొడుగునను పూయు బిళ్ళగన్నేరు మనకందరకును పరిచితమైన మొక్క. మన పొరుగున తమిళులు దీనిని నిత్యకల్యాణి యందురు. దీని పుట్టినిల్లు మడగాస్కరు ద్వీపము.

జమైకా ద్వీపవాసులు దీని ఆకుల కషాయమును మధుమేహమునకు త్రాగెడివారు. 1952లో ఆ ఆకులు కెనడాకు చేరగా, రాబర్టు నోబుల్ అను శాస్త్రజ్ఞుడు వానిని జంతువులపై పరీక్షించెను. రక్తములో చక్కెర తగ్గలేదు, తెల్లకణములు తగ్గినవి. రక్తపు కాన్సరులో మితిమీరి పెరుగునవి ఆ కణములే గదా! ఈ జాడను బట్టి నోబుల్, చార్లెస్ బీర్ మున్నగువారు 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేరుచేసిరి. ఈ మొక్కనుండియే లభించిన విన్‌క్రిస్టిన్ పసిబిడ్డల రక్తపు కాన్సరుకు నేటికిని ముఖ్యౌషధము.

అయితే ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావలెను. అందుచే డెన్మార్కు మున్నగు దేశముల శాస్త్రజ్ఞులు, రొట్టెల పిండిని పులియజేయు ఈస్టు అను సూక్ష్మజీవిలో 34 వృక్షజన్యువులను ప్రవేశపెట్టిరి. ఆ ఈస్టు ఔషధపు రెండు భాగములను తయారుచేయగా, వానిని ప్రయోగశాలలో జతపరచి విన్‌బ్లాస్టిన్‌ను సాధించిరి. ఈ ఫలితము 2022లో ప్రకటింపబడినది.

తలిదండ్రులకు మా మనవి యొకటి. మధుమేహమునకని పెరటిలోని ఈ ఆకును నమలుట గాని, కషాయము త్రాగుట గాని కూడదు. ఈ మొక్క విషపూరితము. దానిలోని పదార్థము శుద్ధియై, మోతాదు కొలువబడి, వైద్యుని చేతిమీదుగా రోగికి అందినప్పుడే మందగును.