అన్న పేరున ఐదెకరాలు.. అమ్మ పింఛనుకు ఎసరు
వారసత్వ భూమి రాయించుకునే ముందు లెక్క చూసుకోవాలి

ఏలూరు: తండ్రి పోయాక ఆస్తి పంపకాలు మన పల్లెల్లో చాలావరకు అరుగుమీదే తేలిపోతాయి. "ఇప్పటికి పెద్దోడి పేరున ఉండనివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు పెద్దలు. పాసుబుక్కు ఒకరి పేరున మారుతుంది, పొలం మాత్రం అందరూ వాటాలేసుకుని చేసుకుంటారు. చిక్కు వచ్చేది బియ్యం కార్డు, పింఛను తనిఖీకి వచ్చినప్పుడే.

2019 చివర రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన అర్హతల ప్రకారం కుటుంబానికి మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. రెండూ ఉంటే కలిపి పదెకరాలు మించరాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల్లో వెయ్యి చదరపు అడుగులకు మించిన ఇల్లు ఉన్నా అనర్హతే. ఈ ఆస్తి కొన్నదా, పెద్దల నుంచి వచ్చిందా అన్న తేడా లేదు.

లెక్క ఇలా..

ఒక రైతు అయిదెకరాల మాగాణి వదిలి కన్నుమూశాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మొత్తం పెద్దకొడుకు పేరున రాయిస్తే అతని కుటుంబం మూడెకరాలు దాటుతుంది. అదే కార్డులో ఉన్న తల్లి పింఛనుకూ ముప్పే. 2024 జులై నుంచి వితంతు పింఛను నెలకు రూ.4,000. అంటే ఏడాదికి రూ.48,000.

వీలునామా లేకుంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో ఈ నలుగురికీ సమాన వాటాలు. తలా ఎకరం పాతిక సెంట్లు. తల్లి, పెద్దకొడుకు వాటాలు కలిసినా రెండున్నర ఎకరాలే. అయితే పెద్దకొడుక్కి ముందే సొంత ఎకరం ఉంటే మూడున్నర అవుతుంది. కూతురి వాటా ఆమె మెట్టినింటి లెక్కలో చేరుతుంది. అక్కడ రెండెకరాల మాగాణి ఉంటే ఆ ఇల్లూ హద్దు దాటినట్టే. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. దేశమంతటా 2005లో వచ్చింది.

కలిసొచ్చే చోటు

వారసత్వం మేలు చేసే పథకమూ ఉంది. ఏటా రూ.6,000 ఇచ్చే పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1ని గడువుగా పెట్టారు. ఆ తేదీ తర్వాత కొన్న భూమికి అడ్డు చెప్పారు గాని, యజమాని చనిపోగా వారసులకు వచ్చిన భూమికి మినహాయింపు ఇచ్చారు. కానీ పాసుబుక్కు వారసుల పేరున మారాలి. చనిపోయినవారి ఖాతాలో పడే కిస్తీలు వాడుకుంటే తిరిగి కట్టవలసి రావచ్చు.

కొల్లేటి కష్టం వేరు

కొల్లేరు అయిదో కాంటూరు లోపలి ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువులు కొట్టేశారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో భూమిపై కొత్తగా హక్కు రావాలంటే వారసత్వమే దారి. ఆ జిరాయితీ నీటమునిగి గింజ పండకపోయినా కాగితంమీద ఎకరం ఎకరమే. భూమి నిబంధనలో విస్తీర్ణం మాటే ఉంది, దిగుబడి మాట లేదు. అందుకే కొల్లేటి వారసులు తమ భూమి అడంగల్‌లో మాగాణిగా ఉందో, మెట్టగా ఉందో ముందే చూసుకోవాలి.

ఏం చేయాలి?

మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, వాటాలు తేల్చుకుని, ఎవరి వాటా వారి పేరున మార్చుకోవాలి. ఆనక 1బి నకలు తీసి సెంట్లతో సహా సరిచూసుకోవాలి. పాసుబుక్కులు ఆధార్‌తో ముడిపడ్డాయి కనుక భూమి దాచడం కుదరదు. తమది కాని వాటా తమ పేరున ఉండి కార్డు పోతే, పంపకం కాగితాలతో సచివాలయంలో అర్జీ పెట్టుకోవాలి. అరుగుమీద మాటను ఏ అధికారీ లెక్కలోకి తీసుకోడు.