ఓటీపీ చెప్పు నాయనా!

2017 డిసెంబరు 27న వెలగపూడి సచివాలయంలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ చానళ్లు, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగారు. ఖర్చు కలిసొచ్చింది. గాలివానకు స్తంభం ఒరిగితే మాత్రం కరెంటుతో పాటు ఇంటర్నెట్టూ పోయినట్టే!

దానికి ఏడాది ముందే, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరను నేలకు దించింది. చేతిలో ఫోనుంటే ఇంటికి తీగ ఎందుకన్నవాళ్లూ ఉన్నారు.

తీగైనా ఫోనైనా, ఊళ్లో ఇంటర్నెట్‌కు అసలు పరీక్ష 2025 పత్తి సీజన్లో ఎదురైంది. భారత పత్తి సంస్థ (సీసీఐ)కి మద్దతు ధరకు అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ తీసుకోవాల్సిందే. పొడవు పింజ పత్తికి ఆ సీజన్లో క్వింటాలు 8,110 రూపాయలు. వదులుకునే ధర కాదు. ముందే సమయం ఖరారైతే బోరేలతో కేంద్రం ముందు రోజుల తరబడి పడిగాపులు తప్పుతాయి, ఆ మేలు కాదనలేనిది. కానీ నమోదు చేసిన నంబరు హైదరాబాదులోని కొడుకు చేతిలో ఉంటే? ‘ఓటీపీ చెప్పు నాయనా’ అని ఇంకో ఫోను నుంచి అడగాలి. వాడు డ్యూటీలో ఉంటే అంతే సంగతులు.

పైగా తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు. స్లాట్ తేదీ వానను అడిగి రాదు కదా! కౌలు రైతుకైతే భూమి వివరాల దగ్గరే చిక్కు మొదలవుతుంది. అందుకే ఎంత మంచి యాప్ చేతికిచ్చినా ఊళ్లో రైతు సేవా కేంద్రం, అందులో ఓపిగ్గా చెప్పే ఉద్యోగి ఉండి తీరాలి.