దీపమునకు చూపున్నదా?
– మెదడు, మనస్సు, చైతన్యము –



నేటి ప్రసంగమునకు మేమొక ప్రశ్నను విషయముగా గ్రహించితిమి. "నేనున్నాను, నాకు తెలియుచున్నది" అను ఎరుక మన అందరికి కలదు. ఈ ఎరుక మెదడులోనే పుట్టినదా? లేక మెదడు దానికొక పనిముట్టు మాత్రమేనా? ఇది సభలలో పండితులు వాదించుకొనుటకు తప్ప మరి దేనికిని పనికిరాని ప్రశ్నయని మేమును చాలకాలము తలచితిమి. ఒక రోగి మంచము ప్రక్కన కూర్చున్న దినమున మా తలంపు మారినది.

ఆ రోగి మా సహాధ్యాయి. పేరు చెప్పుట ఉచితము కాదు. బాల్యమున ఇరువురము ఒకే గురువుగారి అరుగుపై కూర్చుండి సంత చెప్పుకొన్నవారము. ఆయన ఘనపాఠి. కొన్ని సంవత్సరముల క్రిందట ఆయనకు పక్షవాతము వచ్చినది. మెదడు ఎడమభాగమున రక్తనాళము మూసికొనిపోయినది. కుడిచేయి, కుడికాలు పడిపోయినవి, మాట పోయినది. దాహమైనచో నీళ్లని అడుగలేరు. ఇల్లాలిని పేరుపెట్టి పిలువలేరు. మేము చూడబోయిన నాడు దగ్గరి బంధువొకరు ఆయన ఎదుటనే నిలిచి, "ఇంకేముంది, ఆయనకేమీ తెలియడం లేదు. జరగవలసినవి చూసుకోండి" అనిరి. మేము మిత్రుని ముఖము వంక చూచితిమి. కనుకొలకులు తడిసియుండెను.

ఆయన ధర్మపత్ని మమ్ములను వసారాలోనికి పిలిచి యిట్లు అడిగినది. "అన్నయ్యగారూ, ఆయన లోపల ఉన్నారంటారా, లేరంటారా? మెదడులో కొంత భాగం చచ్చిపోయిందని డాక్టరుగారు చెప్పారు. మీరంతా ఆత్మకు చావు లేదంటారు. మరి అన్నేళ్లు చదివిన చదువు, ఆ మాట, ఆ మనిషి ఎక్కడికి పోయినట్టు?"

మేము అలవాటుగా, "అమ్మా, ఆత్మ నిత్యము, దిగులు పడకు" అంటిమి. ఆ మాట శాస్త్రమునకు విరుద్ధము కాదు. కాని ఆమె అడిగినదానికి అది సమాధానము కాదని మాకే తోచినది. ఇంటికి వచ్చి, వైద్యవిద్య అభ్యసించిన మా దౌహిత్రునిచేత వైద్యులు చెప్పు సంగతులు చదివించుకొని వింటిమి. మన గ్రంథములను మరల తెరచితిమి. అట్లు తెలిసికొన్నదానిని మీకు నివేదించుచున్నాము.

వైద్యశాస్త్రము చెప్పునది

మనుష్యుని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుండును. శరీరపు బరువులో నూటికి 2 వంతులే యైనను, విశ్రాంతివేళ శరీరము వ్యయపరచు శక్తిలో నూటికి 20 వంతులు అదియే గ్రహించును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవని లెక్కించిరి. వానిలో 6,900 కోట్లు తల వెనుకభాగమున నుండు చిన్నమెదడులోనే యున్నవి. చిత్రమేమనగా, పుట్టుకతోనే చిన్నమెదడు లేనివారు కొందరు కలరు. వారికి నడక తూలును, మాట తడబడును. ఎరుక మాత్రము ఉండును. మెదడు అడుగున కాడవలె నుండు చోట కొద్దిభాగము దెబ్బతిన్నచో, పై భాగమంతయు చక్కగా నున్నను మనిషి మేల్కొనకపోవచ్చును. 1949 సంవత్సరమున మొరూజ్జి, మాగూన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఆ కాడలోని వలవంటి నాడీభాగమును పిల్లులలో విద్యుత్తుచే ప్రేరేపించి, నిద్రాస్థితిలోని మెదడు తరంగములు జాగ్రత్తునకు చెందిన తరంగములుగా మారుట చూపిరి. కావున ఎరుకకు కావలసినది కణముల సంఖ్య కాదు, వాని కూర్పు అని వైద్యుల సిద్ధాంతము.

మాట సంగతియు అట్టిదే. 1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించెను. ఆ రోగి ఇతరుల మాటలను గ్రహించుచుండెను గాని, తాను "టాన్" అను శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేకుండెను. మరణానంతరము చూడగా మెదడు ఎడమభాగమున ముందువైపు దెబ్బతిని యుండెను. పలుకు పోయినంతమాత్రమున తెలివి పోయినట్లు కాదని ఆనాడే తేలినది.

ఇక మత్తుమందు. 1846లో బోస్టన్ నగరమున ఈథరు ఆవిరి పీల్పించి, రోగికి బాధ తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపిరి. ఒక ఆవిరి మన ఎరుకను ఆర్పివేయునట్లు కనబడుచున్నది. ఆవిరి తొలగగానే ఎరుక మరల వచ్చుచున్నది.

శ్వేతకేతువు ఉపవాసము

ఈ మాటలు వినినప్పుడు భక్తులలో కొందరికి భయము కలుగును. "ఇదంతయు నిజమైనచో ఆత్మ ఏమగును?" అందురు. ఆ భయము అనవసరము. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున శ్వేతకేతువు కథ కలదు. పండ్రెండు సంవత్సరములు వేదములు చదివి గర్వముతో ఇల్లు చేరిన కుమారుని, ఉద్దాలకుడు పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమనెను. పదునారవ దినమున, "నాయనా, ఋక్కులు, యజుస్సులు, సామములు చెప్పుము" అని అడిగెను. కుమారునికి ఒక్కటియు స్ఫురింపలేదు. అన్నము తినివచ్చిన పిమ్మట అడిగినదెల్ల చెప్పగలిగెను. మిణుగురు పురుగంత నిప్పుకణిక మిగిలినచో అది పెద్దవస్తువును కాల్చజాలదు. గడ్డిపరక అందించినచో మరల మండును. మనస్సు అన్నమయమని తండ్రి ఈ విధముగా కుమారునికి అనుభవములో పెట్టి చూపెను.

ఇందలి ధైర్యమును మనము గమనింపవలెను. వేదవిద్య నిలిచియుండు మనస్సు సైతము అన్నముపై ఆధారపడినదేయని వేదమే చెప్పుచున్నది! అన్నము అందనిచో మరుగుపడు విద్య, రక్తము అందనిచో మరుగుపడుటలో వింత యేమున్నది? మన శాస్త్రమున మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అనునవి అంతఃకరణము. కరణమనగా పనిముట్టు. అదియు ప్రకృతికి చెందినదే, తెలియబడునదే. కావున మెదడు చెడినప్పుడు జ్ఞాపకము, మాట, స్వభావము సైతము మారుట వేదాంతమునకు దెబ్బ కాదు.

తాంబూలపు ఎరుపు

అయితే తెలిసికొనువాడెవడు? వైద్యులకంటె ఎంతో ముందే మన దేశమున చార్వాకులు ఈ ప్రశ్న వేసిరి. ఆకు, వక్క, సున్నము దేనికదిగా ఎరుపు కావు. కలిపి నమిలినచో నోరు ఎర్రబడును. అట్లే భూతములు శరీరముగా కలిసినప్పుడు చైతన్యము పుట్టుననిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. కావుననే బ్రహ్మసూత్రములలో మూడవ అధ్యాయము మూడవ పాదమున రెండు సూత్రములు దీనికై కేటాయింపబడినవి.

అచ్చట శంకరభగవత్పాదులు చెప్పిన సమాధానము ఎంతయు సూక్ష్మమైనది. చీకటిగదిలో దీపమున్నచో వస్తువు కనబడును. దీపము లేనిచో కనబడదు. అంతమాత్రమున చూపు దీపము యొక్క గుణమందుమా? అనము. దీపము చూపునకు ఉపకరణము. అట్లే శరీరమున్నప్పుడు ఎరుక కనబడి, లేనప్పుడు కనబడనంత మాత్రమున ఎరుక శరీరధర్మమని నిర్ణయింపరాదు. ఇచ్చట శరీరమను చోట మెదడు అని చదువుకొనుడు. నేటి వాదమునకును అదే సమాధానము సరిపోవును.

నిజాయితీగా చెప్పవలెనన్న, ఈ దృష్టాంతము ప్రతిపక్షము నిశ్చయము కాదని చూపునేగాని, మన పక్షమును తానొక్కటియే సిద్ధింపజేయదు. తర్కము తలుపు తెరచి ఉంచును. లోనికి ప్రవేశించుటకు శ్రుతియు, విచారణయు, అనుభవమును కావలెను. విద్యారణ్యస్వాములు పంచదశిలో నాటకశాలలోని దీపమును గూర్చి ఒక ప్రకరణమే వ్రాసిరి. ఆ దీపము యజమానిని, సభ్యులను, నర్తకిని సమానముగా ప్రకాశింపజేయును. అందరు వెడలిపోయిన పిమ్మట శూన్యమైన శాలను గూడ ప్రకాశింపజేయును. గాఢనిద్ర నుండి లేచి "సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు" అనువాడు ఆ ఏమియులేమిని దేనిచేత ఎరిగెను? మనము నిత్యము విచారింపదగిన ప్రశ్న ఇది.

ఒక పందెము

నేటి శాస్త్రజ్ఞులు ఈ ముడిని విప్పిరా? 1998లో జర్మనీ దేశమున బ్రెమెన్ నగరములో క్రిస్టోఫ్ కాఖ్ అను నాడీశాస్త్రజ్ఞుడు, డేవిడ్ చామర్స్ అను తత్త్వవేత్త పందెము కట్టిరి. 25 సంవత్సరములలో మెదడునందు ఎరుకకు స్పష్టమైన ఆనవాలు దొరకునని మొదటివాడు, దొరకదని రెండవవాడు. 2023లో న్యూయార్కు సభలో కాఖ్ పండితుడు తాను ఓడితినని ఒప్పుకొని పందెము చెల్లించెను. పందెపు వస్తువు ద్రాక్షాసవపు సీసాలు. ఆ భాగము మనకు అక్కరలేదు. ఓటమిని సభలో ఒప్పుకొన్న ఆ సత్యనిష్ఠ మాత్రము మనకు కావలెను.

ప్రస్తుతము వారిలో పలు మతములున్నవి. ఒక వార్త ఊరంతటికి దండోరా వేయబడినట్లు, మెదడంతటికి ప్రకటింపబడిన విషయమే ఎరుకయగునని ఒక మతము. ప్రధానముగా మెదడు వెనుకభాగమునందలి కణముల విడదీయరాని అల్లికయే ఎరుకకు ఆధారమని మరియొక మతము. ఈ రెండింటిని 256 మందిపై పరీక్షించి 2025లో ఫలితములు ప్రకటించిరి. రెండింటిలోను కొన్ని ఊహలు నిలిచినవి, ముఖ్యమైనవి కొన్ని నిలువలేదు.

దీనిని చూపి మనము చంకలు కొట్టుకొనరాదు. నాడీకణములను ఋషులు ముందే చూచిరని చెప్పుట ఋషులకు గౌరవము కాదు. వారు చెప్పనిదానిని వారి నోట పెట్టుట అసత్యము. మెదడులో ఏ భాగమేమి చేయునో వైద్యుని అడుగవలెను. ఎరిగెడి నేనెవడనని గురువును ఆశ్రయింపవలెను. ఒకరి పీటపై మరియొకరు కూర్చుండనక్కరలేదు.

మన కర్తవ్యము

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తము. 2006లో ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక యువతిని పరీక్షించిరి. ఆమె వయస్సు 23 సంవత్సరములు. రోడ్డు ప్రమాదము తరువాత నెలల తరబడి, ఎవరేమన్నను ఉలుకు పలుకు లేదు. ఆమెను యంత్రములో పరుండబెట్టి, "టెన్నిసు ఆడుచున్నట్లు తలచుము" అనియు, "నీ ఇంటి గదులలో తిరుగుచున్నట్లు తలచుము" అనియు చెప్పిరి. ఆరోగ్యవంతులకు మెదడులో ఏయే చోట్లు చురుకుగా నగునో, ఆమెకును అవే చోట్లు చురుకుగా నైనవి. 2024లో ప్రకటించిన మరియొక పరిశీలనలో, పైకి ఏ ఆజ్ఞకును బదులీయని 241 మంది రోగులలో 60 మంది లోలోపల బదులిచ్చుచున్నట్లు తేలినది. అనగా నలుగురిలో ఒకరు!

అందరును అట్లే వినుచున్నారని దీని యర్థము కాదు. కాని వినుచున్నది ఎవరో, విననిది ఎవరో మంచము ప్రక్కన నిలిచిన మనకు కంటిచూపుతో తెలియదు. కావున పలుకలేని వారి ఎదుట చావును గూర్చియు, ఆస్తులను గూర్చియు మాటలాడరాదు. పేరుపెట్టి, వరుసపెట్టి పిలువవలెను. వచ్చినది ఎవరో చెప్పవలెను. ఒడలు తుడుచునప్పుడు, అన్నము పెట్టునప్పుడు ముందుగా చెప్పి చేయవలెను. సర్వభూతములందు ఈశ్వరుడున్నాడని నమ్మువారికి ఇది దయ మాత్రమే కాదు, ఆరాధన. శిలావిగ్రహమునకు మేలుకొలుపు పాడి, స్నానము చేయించి, నైవేద్యము పెట్టు మనము, ఊపిరితో నున్న మనిషిని లేనివానిగా ఎట్లు భావింతుము?

మేము మరల ఆ ఇంటికి వెళ్లితిమి. "అమ్మా, ఆయన విద్య నిలిచిన పాత్ర పగిలినది, అది నిజము. వైద్యము మానకుము. కాని ఆయన లేరని ఎవరన్నను నమ్మకుము. మాట పోయినదని ఆయనకు తెలియుచున్నది, ఆ కన్నీరు అందులకే" అంటిమి. పిమ్మట మిత్రుని ఎడమచేయి పట్టుకొని, చిన్ననాడు గురువుగారు మొట్టమొదట చెప్పిన పనసను ఎత్తుకొంటిమి. రెండవ వాక్యమునకు ఆయన పెదవులు కదలినవి. మూడవదానికి స్వరము కలిసినది. నీళ్లని పలుకలేని నోరు స్వరము తప్పక నాలుగు వాక్యములు చెప్పి ఆగినది. ఇట్టి రోగులలో కొందరికి కంఠస్థమైన పాటలు, ప్రార్థనలు మిగులునని వైద్యులు చెప్పుదురు. కావున దీనిని అద్భుతమనము. ఆయన మా వంక చూచి, మేము ఆగిపోయితిమని తలయూపి, కానిమ్మని చేసైగ చేసిరి. మేము కొనసాగించితిమి.

మీ ఇండ్లలోను అట్టివారుండవచ్చును. నేడు ఇంటికి వెళ్లిన వెంటనే వారి ప్రక్కన కూర్చుండి, పేరు పెట్టి పిలిచి, మీరు వచ్చితిరని చెప్పుడు.

ఇతి శమ్.