శ్రుతి తప్పినా అదే టేక్

స్టూడియోలో నా పని గొంతులు శుభ్రం చేయడం. ఊపిరి చప్పుడు తీసేస్తాను, శ్రుతి జారిన చోట సరిచేస్తాను, మూతి మైకుకు తగిలితే వచ్చే ‘టప్’ను కోసేస్తాను. నీల్ యంగ్ ‘టునైట్స్ ద నైట్’ ఆల్బమ్ నా టేబుల్ మీదికి వచ్చి ఉంటే సగం పాటలు మళ్లీ పాడమని పంపేవాణ్ణి. అయినా సరే, చావు గురించి రాక్ సంగీతంలో ఇంత కడుపు మంటతో పాడిన ఆల్బమ్ ఇంకొకటి నేను వినలేదు.

యంగ్ 1945లో కెనడాలోని టొరంటోలో పుట్టాడు. 1972లో అతని ‘హార్వెస్ట్’ ఆల్బమ్ అమెరికాలో ఆ ఏడాదికల్లా ఎక్కువగా అమ్ముడుపోయింది. మెత్తటి గిటారు, మౌతార్గాన్, రేడియోకి సరిపడే పాటలు. అదే ఏడాది నవంబరులో పెద్ద టూరు కోసం రిహార్సల్స్ మొదలయ్యాయి. పాత బృందం ‘క్రేజీ హార్స్’ నుంచి గిటారిస్టు డానీ విట్టెన్‌ను యంగ్ పిలిపించుకున్నాడు. హెరాయిన్ అలవాటు డానీని అప్పటికే పీల్చి పిప్పి చేసింది. వేళ్లు పాట వెంట పోవడం లేదు. ఇక లాభం లేదనుకుని, చేతిలో యాభై డాలర్లు, లాస్ ఏంజెలిస్‌కు విమానం టికెట్టు పెట్టి పంపించేశాడు. ఆ రాత్రే డానీ చనిపోయాడు. 29 ఏళ్లు. కొన్ని నెలలకు, 1973లో, బ్రూస్ బెర్రీ హెరాయిన్‌కు బలయ్యాడు. అతను రోడీ, అంటే టూర్లలో వాద్యాలు, ఆంప్లిఫయర్లు మోసుకెళ్లి వేదిక మీద అమర్చే మనిషి.

ఆ ఆగస్టులో యంగ్, బృందంలో మిగిలినవాళ్లంతా లాస్ ఏంజెలిస్‌లో వాద్యాలు అద్దెకిచ్చే ఒక సంస్థ రిహార్సల్ హాల్లో చేరారు. ఆ సంస్థ బ్రూస్ సోదరుడిది. సాయంత్రం నుంచి టెకీలా తాగుతూ, పూల్ ఆడుతూ కూర్చునేవారు. అర్ధరాత్రి దాటాక వాయించడం మొదలు. మన పల్లెల్లో చావింటి ముందు కల్లు తాగి తెల్లార్లూ డప్పు కొడతారే, అచ్చం అదే వరస. ఒక్క రాత్రిలో ఐదు పాటలు రికార్డయ్యాయి.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. మామూలుగా ముందు డ్రమ్స్, తర్వాత గిటారు, చివర గొంతు, ఒక్కొక్కటీ విడిగా రికార్డు చేసి అతికిస్తాం. తప్పు దొర్లితే ఆ ముక్క ఒక్కటే మారుస్తాం. యంగ్, నిర్మాత డేవిడ్ బ్రిగ్స్ ఆ దారి పట్టలేదు. అందరూ ఒకే గదిలో, ఒకేసారి, పాట బాగా ఒంటబట్టకముందే వాయించాలి. గిటారిస్టు నిల్స్ లాఫ్‌గ్రెన్‌ను పియానో ముందు కూర్చోబెట్టారు. ‘మెలో మై మైండ్’లో పై స్వరం అందక యంగ్ గొంతు పగిలిపోతుంది. ఎవరూ రెండోసారి పాడమనలేదు. చేతగాక అలా వదిలేశారని కొందరంటారు, నేనొప్పుకోను. ‘హార్వెస్ట్’ చేసిన చెవులు యంగ్‌వి. నున్నగా చేయడం వాటికి తెలియక కాదు.

‘బారోడ్ ట్యూన్’ అనే పాటలోనైతే, ఈ బాణీ రోలింగ్ స్టోన్స్ దగ్గర తీసుకున్నానని పాటలోనే ఒప్పేసుకుంటాడు. మన సినిమా సంగీతంలో ఇంత నిజాయితీ ఉంటే కోర్టులకు ఎంత పని తగ్గేదో!

ఆ శరదృతువులోనే ఇంగ్లండు వెళ్లి ఈ పాటలే వాయించాడు. ‘హార్వెస్ట్’ కోసం టికెట్లు కొన్న జనం తెల్లబోయారు. ఇప్పుడు మీరు ఇదివరకు విన్న పాట వాయిస్తానని ఊరించి, కాసేపటి క్రితం వాయించిన ‘టునైట్స్ ద నైట్’నే మళ్లీ అందుకునేవాడట. ఆల్బమ్ మాత్రం దాదాపు రెండేళ్లు అటకెక్కింది. 1975లో ‘హోమ్‌గ్రోన్’ అనే మరో ఆల్బమ్ విడుదలకు సిద్ధమైంది. స్నేహితులకు ఆ టేపు వినిపిస్తుంటే, దాని వెనకే ఈ పాటలూ మోగాయి. ‘ద బ్యాండ్’ అనే బృందం గాయకుడు రిక్ డాంకో ఇదే బయటికి తెమ్మని పట్టుబట్టాడు. యంగ్ సరేనన్నాడు. ‘హోమ్‌గ్రోన్’ 2020 దాకా పెట్టెలోనే ఉండిపోయింది.

మొదటిసారి వినేవాళ్లు ‘కమాన్ బేబీ లెట్స్ గో డౌన్‌టౌన్’తో మొదలుపెట్టండి. మిగతావాటిలో చాలా వాటికన్నా మూడేళ్లు ముందు, 1970లో, న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో కచేరీ చేస్తుండగా రికార్డయింది. హుషారైన పాట, మత్తుమందు కొనడానికి బయల్దేరడం గురించి. అందులో ప్రధాన గొంతు డానీ విట్టెన్‌ది.