ఫైబర్ మంచిగనే ఉన్నది, సైటే వస్తలేదు

పోయిన వానాకాలం లింగాల ఘనపూర్‌లో మా అక్క వాళ్లింటి దగ్గర పిడుగు పడింది. టీవీ బతికింది, ఇంటర్నెట్ రౌటరు కాలిపోయింది. రెండు రోజులకు ఆపరేటరు మనిషి వచ్చి వేరే రౌటరు బిగించి, పాస్‌వర్డు కొట్టి, యూట్యూబ్‌లో ఒక పాట వేసి చూపించి వెళ్లిపోయాడు. వారం తిరగకుండానే మేనల్లుడి ఫోను.

"మామా, నెట్ మంచిగనే ఉన్నది. వీడియోలు ఆగకుంట వస్తున్నయి. స్పీడ్ టెస్ట్ పెడితే వంద చూపిస్తాంది. గీ పరీక్ష అప్లికేషన్ సైటు ఒక్కటే తిరుగుతనే ఉంటాంది. ఒక్కో పేజీకి నిమిషం పడుతాంది. ఆఖరు తారీఖు దగ్గర పడ్డది."

ఆపరేటరుకు చెబితే తప్పు సైటుదే అన్నాడట. దోస్తులేమో కంప్యూటరులో వైరస్ ఉందన్నారట. వంద ఏం సరిపోతది, మూడు వందల ప్లాను వేయించుకో అని ఎదురింటి పెద్దమనిషి సలహా. ముగ్గురిలో ఒక్కరూ చూసి చెప్పినవారు కాదు.

చూసి చెప్పడమంటే ఏమిటో ఆ ఇంట్లోనే ఒకరికి బాగా తెలుసు. మా బావ బోరు మోటర్లు బాగుచేస్తాడు. జనగామ చుట్టుపక్కల నేల సంగతి తెలిసినవాళ్లకు ఆ పనికి కరువుండదని చెప్పక్కర్లేదు. చివరి మడికి నీళ్లు అందడం లేదని ఎవరైనా పిలిస్తే బావ వెంటనే బోరులోంచి మోటరు పీకడు. ముందు బోరు దగ్గరి జాయింటు విప్పుతాడు. అక్కడ నీళ్లు ఎగదన్నితే బోరుకూ మోటరుకూ దండం పెట్టి పైపు వెంట నడుస్తాడు. అక్కడే సన్నగా వస్తే పైపు జోలికే పోడు. ఒక్క జాయింటు విప్పితే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇంట్లో ఇంటర్నెట్‌కు కూడా అలాంటి జాయింటు ఉంది. అది మన ఫోనే. నేను మేనల్లుడికి రెండు పనులు చెప్పాను. ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, ఇంటి వైఫై మీద అదే సైటు తెరవాలి. తర్వాత ఫోను హాట్‌స్పాట్ పెట్టి, దానికి కంప్యూటరు కలిపి, మళ్లీ అదే సైటు తెరవాలి. మొదటిదాంట్లో లైను అదే, యంత్రం వేరు. రెండోదాంట్లో యంత్రం అదే, లైను వేరు. మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కంప్యూటరులో రాలేదని ఫోనులో మొబైల్ డేటా మీద తెరుస్తాం, వస్తుంది, "చూశావా, కంప్యూటరే పాడైంది" అంటాం. అక్కడ యంత్రమూ మారింది, లైనూ మారింది. ఏది మారినందుకు బాగైందో ఎలా తెలుస్తుంది?

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. వైఫై మీద ఫోనులోనూ సైటు తిరుగుతూనే ఉంది. హాట్‌స్పాట్ మీద కంప్యూటరులో చిటికెలో తెరుచుకుంది.

దీంతో కంప్యూటరు నిర్దోషి అని తేలింది, అప్పటికి సైటూ నిర్దోషే అనిపించింది. "మరి లైను ఖరాబైతే యూట్యూబ్ ఎట్లొస్తాంది?" అని మేనల్లుడి ప్రశ్న. ఇది బుర్ర ఉన్న ప్రశ్న. యూట్యూబ్ వీడియో అమెరికా నుంచి వస్తుందని మనం అనుకుంటాం. జనం ఎక్కువగా చూసే వీడియోల నకళ్లను గూగుల్ సంస్థ ఇంటర్నెట్ కంపెనీల కేంద్రాల్లోనే పెట్టిన తన యంత్రాల్లో దాచి ఉంచుతుంది. ఘనపూర్‌లో మనం నొక్కిన పాట సముద్రం దాటకుండా హైదరాబాద్ నుంచే వచ్చే అవకాశం ఎక్కువ. స్పీడ్ టెస్ట్ కూడా అంతే, తనకు దగ్గర్లో ఉన్న సర్వరును వెతుక్కుని దాంతోనే కొలుస్తుంది. ఆ వంద అబద్ధం కాదు. కానీ అది జనగామ, ఆలేరు, భువనగిరి దాటి హైదరాబాద్ దాకా ఉన్న రోడ్డు ఎంత వెడల్పో చెబుతుంది. అవతల ఏముందో, దారిలో ఏ కమ్మీ అడ్డం ఉందో చెప్పదు.

మా వాడి కథ కాసేపు పక్కన పెడదాం. అదే పరీక్షలో జవాబు వేరేలా వచ్చి ఉంటే?

రెండు చోట్లా సైటు నెమ్మదిగానే వచ్చిందనుకోండి. అప్పుడు దూరాన్నో సర్వరునో అనుమానించాలి. దూరం లెక్క సులువు. గాజు పోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలో సర్వర్లు గుట్టలుగా ఉన్న వర్జీనియాకు 13,000 కిలోమీటర్ల పైమాటే. పోయి రావడానికి కాంతికే 130 మిల్లీసెకన్లు కావాలి. కేబుళ్లు గీత గీసినట్టు పోవు కనుక నిజంలో 200 దాటుతుంది. ఒక్కసారి పోయి వస్తే పని కాదు. కనెక్షన్ కలపడానికి ఒక తడవ, రహస్యంగా మాట్లాడుకునే తాళం చెవులు మార్చుకోవడానికి ఒకటో రెండో తడవలు, పేజీ అడగడానికి ఇంకొకటి. మొదటి అక్షరం కదిలేలోపే అర సెకను దాటిపోతుంది. ఎదురింటి పెద్దమనిషి చెప్పిన మూడు వందల ప్లాను ఇక్కడ ఎందుకూ కొరగాదు. రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన ఊరు దగ్గరకు రాదు.

ఆ దారిలో సముద్రం కూడా ఉంది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్లు తెగితే మన దేశపు ఇంటర్నెట్‌లో పెద్ద భాగం కుదేలైంది. 2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగినప్పుడు అంత గోల జరగలేదు. దారులు పెరిగాయి కాబట్టి రద్దీ చుట్టు తిరిగి పోయింది. అలాంటి రోజుల్లో దేశంలో ఉన్న సైట్లు మామూలుగానే వస్తాయి, ఆ దారిన రావాల్సినవి మాత్రం నత్తనడక నడుస్తాయి. మన రద్దీ మన దేశంలోనే చేతులు మారాలని 2003లో నిక్సి అనే సంస్థను పెట్టారు. దాని కూడలి ఒకటి హైదరాబాద్‌లోనూ ఉంది.

ఇక సర్వరే ఉక్కిరిబిక్కిరయ్యే రోజులు మనకు కొత్త కాదు. పదో తరగతి ఫలితాల రోజు పొద్దున ప్రతి ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో ఒకే నంబరు కొడతారు. పేజీ తెరుచుకోకపోతే మళ్లీ మళ్లీ రిఫ్రెష్ నొక్కుతారు. నొక్కిన ప్రతిసారీ క్యూలో కొత్తగా ఒక మనిషి నిలబడినట్టే, పాత మనిషి కూడా అక్కడే ఉంటాడు. ఆ రోజు చేయగలిగింది చాయ్ తాగి రావడమే.

మూడో జవాబు: ఫోనులో హాయిగా వస్తోంది, కంప్యూటరులో మాత్రం ఏ లైను మీదైనా నెమ్మదే. ముందు బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి చూడాలి. ఎక్స్‌టెన్షన్లు, మన లాగిన్‌ను గుర్తుంచుకునే పాత కుకీలు మామూలుగా అందులోకి రావు. అక్కడ వేగంగా వస్తే దొంగ ఆ రెండింట్లోనే ఉన్నాడు. కుకీ అంటే నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ముచ్చట తెలుగు వికీపీడియాది. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో మన మండలాలకూ పల్లెలకూ పేజీలున్నాయి. మామూలు పాఠకుడు పేజీ అడిగితే, 2018 నుంచి సింగపూర్‌లో ఉన్న వికీమీడియా నకళ్ల కేంద్రం ఇచ్చేస్తుంది. అదే మనిషి పేజీలు దిద్దడానికి లాగిన్ అయ్యాడంటే, అతని పేరుతో, అతని అమరికలతో పేజీని అప్పటికప్పుడు కూర్చాలి. ఆ పని అమెరికాలోని ప్రధాన కేంద్రాల్లో జరుగుతుంది. ఒకే ఇల్లు, ఒకే వైఫై, ఒకే పేజీ. లాగిన్ కాని ఫోనుకు సింగపూర్, లాగిన్ అయిన కంప్యూటరుకు అమెరికా. ఏదీ చెడిపోలేదు, అయినా తేడా కనబడుతుంది. చెడిపోకుండానే నెమ్మదించే సంగతులుంటాయని నాకు మొదట నేర్పింది వికీపీడియానే.

డీఎన్ఎస్ మార్చు అనే సలహా కూడా ఎక్కడికి పోయినా వినిపిస్తుంది. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే ఈ ఏర్పాటును 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించారు. ఆ పని చేసే తమ సర్వర్లను గూగుల్ 8.8.8.8 దగ్గర 2009లో, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 దగ్గర 2018లో అందరికీ తెరిచాయి. చిరునామా ఒకసారి తెలిశాక కంప్యూటరు దాన్ని కొంతసేపు గుర్తుంచుకుంటుంది. కాబట్టి మొదటి పేజీ ఆలస్యమై, తర్వాతివి చకచకా వస్తే డీఎన్ఎస్‌ను అనుమానించవచ్చు. ప్రతి పేజీకీ నిమిషం పడుతుంటే అది డీఎన్ఎస్ చేసే పని కాదు. మా వాడు అప్పటికే మార్చి చూశాడు, ఫలితం లేదు.

కాబట్టి మళ్లీ ఘనపూర్‌కు. మిగిలింది లైను. లైనులో ఈమధ్య మారింది ఒక్క రౌటరే.

బ్రౌజరులో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ పలక తెరవమన్నాను. పేజీ తెరుచుకునే ప్రతి దశకూ ఎంత సమయం పట్టిందో అందులో రంగు పట్టీలుగా కనిపిస్తుంది. చిరునామా పట్టీ గోరంత. ఎస్ఎస్ఎల్ అని రాసి ఉన్న పట్టీ మాత్రం బారెడు. తాళం చెవులు మార్చుకునే దశ అది. సర్వరు తన గుర్తింపు పత్రాన్ని పంపేది అప్పుడే. అంటే సర్వరు మనకు పంపే మొట్టమొదటి పెద్ద సమాచారపు మూట అదే. అంతకుముందు నడిచినవన్నీ చిన్న చిన్న పలకరింపులు. చిన్నవి వస్తున్నాయి, పెద్దది రావడం లేదు.

రైల్వే గేటుకు కాస్త ముందు రోడ్డు మీద అడ్డంగా కట్టిన ఇనుప కమ్మీని అందరూ చూసే ఉంటారు. పైన కరెంటు తీగలుంటాయి కనుక అంతకంటే ఎత్తు బండి పోకూడదు. స్కూటర్లు పోతాయి, ఆటోలు పోతాయి. గడ్డి మోపులు ఎత్తుగా పేర్చిన ట్రాక్టరు అక్కడ ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లోనూ మూటకు ఎత్తు కొలత ఉంది. ఈథర్‌నెట్ ప్రమాణంలో ఒక మూట 1500 బైట్లు దాటకూడదని 1980లోనే రాశారు. పల్లెల్లో చాలా ఫైబర్ కనెక్షన్లు యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ అనే పద్ధతివి. ఆ పద్ధతి ప్రతి మూటకూ 8 బైట్ల చీటీ అంటిస్తుంది. మన సరుకుకు మిగిలేది 1492.

ఎనిమిది బైట్లే కదా అనిపిస్తుంది. కమ్మీకి ఎనిమిది అంగుళాలు ఎక్కువైనా ట్రాక్టరు ఆగుతుంది కదా. మంచి రౌటరు ఈ సంగతి ముందే చూసుకుంటుంది. కనెక్షన్ కలిపేటప్పుడు రెండు వైపులా తాము తీసుకోగల మూట కొలత చెప్పుకుంటాయి. ఆ మాటను రౌటరు మధ్యలోనే సవరించి తక్కువ కొలత చెబుతుంది. కొత్త రౌటరు పెట్టినప్పుడు ఈ కొలత రాసే గడిలో 1500 అని కొట్టి ఉంది. అది చూసుకుని సర్వర్లు నిండు మూటలు పంపాయి. కమ్మీ దగ్గర అవి ఆగిపోయాయి.

మరి అన్ని సైట్లూ ఎందుకు ఆగలేదు? ఇక్కడే అసలు కిటుకు. మూట ఆగిన చోట ఉన్న యంత్రం ఊరికే ఉండదు. "1492 దాటొద్దు, తగ్గించి పంపు" అని సర్వరుకు కబురు పెడుతుంది. ఈ ఏర్పాటును 1990లో జెఫ్రీ మొగల్, స్టీవ్ డీరింగ్ రాసిపెట్టారు. చాలా సైట్లు ఆ కబురు విని, మూట చిన్నది చేసి పంపుతాయి, మనకు ఏమీ తెలియదు. పెద్ద కంపెనీలు కొన్ని మొదటి నుంచే చిన్న మూటలు కడతాయి. కొందరు నిర్వాహకులు మాత్రం దాడుల భయంతో బయటి నుంచి వచ్చే ఇలాంటి కబుర్లన్నిటినీ గుమ్మం దగ్గరే ఆపేస్తారు. దాడులను ఆపబోయి, పనికొచ్చే కబురునూ ఆపేస్తారు. పాపం ఆ సర్వరుకు మూట చేరలేదనే తెలుసు, ఎందుకు చేరలేదో తెలియదు. అదే మూటను అదే ఎత్తులో మళ్లీ పంపుతుంది. మళ్లీ పోతుంది. చాలాసార్లు పోయాక అనుమానమొచ్చి తనంత తానే చిన్నది చేస్తుంది. మా వాడి నిమిషం అక్కడ ఖర్చవుతోంది. ఇంజనీర్లు దీన్ని బ్లాక్ హోల్ అంటారు. తప్పు రెండు చోట్ల ఉంది: రౌటరులో కొంత, సైటు గుమ్మంలో కొంత. ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా మా వాడు నాకు ఫోను చేసేవాడు కాదు. ఆపరేటరు అన్నది సగం నిజమే మరి.

అనుమానం రుజువు చేయడానికి పింగ్ చాలు. మైక్ మూస్ అనే అమెరికన్ 1983 డిసెంబరులో రాసిన చిన్న ప్రోగ్రాం అది. జలాంతర్గాములు ధ్వని పంపి ప్రతిధ్వని వినే చప్పుడు మీద ఆ పేరు పెట్టాడు. ముక్కలు చేయొద్దనే షరతుతో 1472 బైట్ల సరుకు పంపమన్నాను. పైన చిరునామా చీటీలకు 28 కలిపితే 1500. పోలేదు. 1464 పంపమన్నాను, 28 కలిపితే 1492. టక్కున జవాబొచ్చింది.

రౌటరు పేజీలోకి పోయి, ఎంటీయూ అనే గడిలో 1500 తీసేసి 1492 కొట్టి, రౌటరు ఆపి మళ్లీ వేశాడు మేనల్లుడు. సైటు మూడు సెకన్లలో తెరుచుకుంది. ఆ రాత్రే దరఖాస్తు పంపాడు.

దసరాకు నేను వెళ్లినప్పుడు చూశాను. బావ తను దింపిన మోటర్ల లోతులు, పైపుల సంఖ్య స్టార్టరు డబ్బా పక్కన గోడ మీద పెన్సిలుతో రాసుకుంటాడు. రౌటరు పక్కన గోడ మీద కూడా అదే పెన్సిలుతో, అదే చేతిరాతతో రాసి ఉంది: 1492. కింద గీత కూడా గీశాడు. "మల్ల పిడుగు పడితే వచ్చేటోనికి చూపియ్యాలె గద," అన్నాడు.