బంగారు తొడుగు చేతిగడియారము

నర్సీపట్నములో మా పొరుగున నుండు నొక గృహిణి గడచిన శ్రావణమాసమున మా యింటికి వచ్చి, రుమాలులో జుట్టిన యొక పాత చేతిగడియారమును మా చేతిలో బెట్టెను. అల్లునికి దీపావళి పండుగకు బహుమాన మియ్యదలచి, చూచి చెప్పెదనని యమ్మువారియొద్దనుండి తెచ్చికొనెనట. "ఇది బంగారపు గడియారము, లోపల పదునేడు రత్నము లున్నవి, తూకము వేసి బంగారపు ధర యిచ్చిన జాలు" నని వారు చెప్పిరట. కంసాలికి జూపగా నతడును గీటురాతిపై గీచి, "బంగారమే" యనెనట. ఆమె చీటీలు కట్టి కూడబెట్టుకొన్న సొమ్మంతయు దానికి సరిపోవును. "పుచ్చుకొందునా, వదినా?" యని యడిగెను.

కంసాలి యబద్ధమాడలేదు. గీటురాయియు నబద్ధమాడదు. కాని యది పైపొర సంగతినే చెప్పును; లోపల నేమున్నదో చెప్పజాలదు. ఇట్టి గడియారముల విషయమున చిక్కంతయు నిచ్చటనే యున్నది.

పాత గడియారములపై బంగారము మూడు విధముల నుండును. మొదటిది గడియారపు పెట్టె యంతయు బంగారముతో జేసినది. రెండవది ఉక్కుపెట్టెకు బంగారపు రేకును తొడుగుగా నతికించినది; దీనినే "గోల్డు క్యాప్డు" అందురు. 1940 మొదలు 1960 దాటువఱకు స్విట్జర్లాండు గడియారములలో నీ రకము చాలవచ్చెను. మూడవది విద్యుత్తుచే పూసిన పూత; దాని మందము తఱచుగా 10 లేక 20 మైక్రానులు. వేయి మైక్రానులైన గాని యొక మిల్లీమీటరు కాదు. తొడుగు పూతకంటె బెక్కురెట్లు మందముగా నుండి యేండ్లతరబడి నిలుచును గనుక, తొడుగు గడియారము చెడ్డవస్తువు కాదు. దానిని బంగారపు ధరకు కొనుటయే చెడ్డపని.

లెక్క వేసి చూతము. తొడుగు పది చదరపు సెంటీమీటర్ల మేర పఱచుకొని, మిల్లీమీటరులో పదవవంతు మందమున్న దనుకొందము. 18 క్యారట్ల బంగారము ఘన సెంటీమీటరునకు సుమారు 15 గ్రాములు తూగును. ఆ లెక్కను తొడుగు బరువు ఒకటిన్నర గ్రాము. అందు మేలిమి బంగారము గ్రామునకు కొంచెము పైన మాత్రమే. 20 మైక్రానుల పూతయైనచో మొత్తము గ్రాములో మూడవవంతైన నుండదు. తక్కినదంతయు ఉక్కు, ఇత్తడి, అద్దము, యంత్రము. వీనినన్నిటిని త్రాసులో వేసి బంగారమని తూచినచో నష్ట మెవరిదో వేరుగ జెప్పనక్కఱలేదు.

మొదట గడియారమును బోర్లించి వెనుకమూతను చూడవలెను. తొడుగు గడియారములలో వెనుకమూత సాధారణముగా తెల్లని యుక్కు. దానిపై "స్టెయిన్‌లెస్ స్టీల్" అనియో, ఫ్రెంచి భాషలో ఉక్కునకు పేరైన "ఆసియే" అనియో చెక్కి యుండును. "ప్లాకే" అని యున్నచో నది పూత. పిమ్మట పట్టీ తగిలించు కొమ్ముల చివరలను, అంచులను భూతద్దముతో పరికింపవలెను. ఒరిపిడి యచ్చటనే యెక్కువ. అచ్చట తెల్లని యుక్కుగాని, వేఱు రంగు లోహముగాని తొంగిచూచినచో పైపొర యరిగిన దన్నమాట. మితిమీరి మెరుగుపెట్టినచో తొడుగు మఱింత పలుచనగును.

స్విట్జర్లాండులో 1995కు ముందు 18 క్యారట్ల పెట్టెలపై స్త్రీశిరస్సు ముద్రయు, 14 క్యారట్లవానిపై ఉడుత ముద్రయు వేయుచుండిరి. మన దేశమున నగలకు హాల్‌మార్కు 2021 జూను 16 నుండి అంచెలంచెలుగా నిర్బంధమైనను, గడియారములను దానినుండి మినహాయించిరి. కావున నగకువలె గడియారమునకును ప్రభుత్వపు ముద్ర యుండునని నమ్మియుండరాదు.

ఇక పదునేడు రత్నములమాట. అవి యంత్రములో ఇరుసులు రాపిడిలేక తిరుగుటకై యమర్చిన కృత్రిమపు కెంపులు. గడియారము చక్కగా నడచుట కవి మేలేగాని, అమ్మజూచిన వానికి విలువ లేదు.

బంగారముకంటె ముఖ్యమైనది నడక. కీ యిచ్చునపుడు మెత్తగా తిరుగవలెను. నిండుగ కీ యిచ్చి, ఒక పగలు ఒక రాత్రి యుంచి, సరియైన కాలముతో పోల్చిచూడవలెను. పడుకోబెట్టియు, నిలబెట్టియు చూచుట మంచిది. మన యూరివంటి మన్యపు ముంగిలిలో వానకాలపు తేమ పాత గడియారములకు పగ. నమ్మకమైన మరమ్మతుదారుచే మూత తీయించి, లోపల త్రుప్పు లేదని యెఱిగినగాని సొమ్ము చెల్లింపరాదు. అంకెల ఫలకముపై యక్షరములు వంకరగానో, అలుకుకొనియో యున్నచో దానికి తరువాత రంగు వేసిరని శంకింపవలెను.

పిల్లలుగల తల్లులకు మఱియొక హెచ్చరిక. 1960 ప్రాంతమునకు ముందటి గడియారములలో చీకట మెరయు నంకెలకు రేడియము పూయుచుండిరి. వెలుగు ఆరిపోయినను రేడియపు శక్తి యారదు; సగము తరుగుటకే సుమారు 1,600 ఏండ్లు పట్టును. అట్టివానిని ఇంట విప్పుటగాని, అంకెలను గీకుటగాని తగదు.

ఇవన్నియు జూచిన పిమ్మట మా పొరుగింటి యామె గడియార మేమని తేలినది? వెనుకమూత ఉక్కు, ఒక కొమ్ము చివర తెల్లబాఱినది, యంత్రము మాత్రము శుభ్రము, దినమునకు రెండు నిమిషములు వెనుకబడును. "పైన పటారము, లోన లొటారము" అనుటకు వీలులేదు. లోన గడియారము మంచిదే, పైన చెప్పిన మాటయే పటారము. ఆమె తూకపుమాట మాని, నడచు పాతగడియారమునకు తగిన వెలను మాత్రమే యిచ్చెదననెను. అమ్మువారు మొదట కాదని, మూడవనాడు తామే కబురంపిరి. దీపావళినాడు అల్లుని చేతికి గడియారము పెట్టుచు, "ఇది బంగారపుది కాదు నాయనా, బంగారు తొడుగుది, దినమున కొకసారి కీ యిచ్చుకొనుము" అని యామె యున్నదున్నట్లు చెప్పెను. మిగిలిన చీటీసొమ్ము ఆమె పేరనే నిలిచియున్నది.