నాటుటకు ముందు మట్టి పరీక్ష



మదనపల్లె టమాటాకును, పుంగనూరు పొట్టియావులకును, కుప్పము మల్బరీకిని పేరుపొందినవి. ఈ పడమటి సీమలో విస్తారముగ నున్నది యెఱ్ఱనేల. నల్లఱాయి శిథిలమై యేర్పడిన యీ మట్టిలోని యినుము త్రుప్పుపట్టుటచే ఆ రంగు వచ్చినది. ఇది దున్నుటకు సులభము. నీటిని త్వరగా దింపును. కాని ఆకుకుళ్లు సత్తువయు, నత్రజనియు దీనికి సాధారణముగ కొఱత. మిట్టన గరుసు, చెఱువు దిగువ చౌడు, ఒక్క యూరిలోనే కానవచ్చును. అందువలన పొరుగు చేనికి ఫలించిన యెరువు మన చేనికి ఫలింపకపోవచ్చును. నాడి చూడక మందిచ్చు వైద్యుని మనము నమ్ముదుమా? టమాటా నాటినవాని పొరపాటు మూడు నెలలలో తెలియును. మామిడి నాటినవానికి నాలుగైదేండ్లకు గాని తెలియదు. అప్పటికి ధనమును, కాలమును గతించును.

ఇంటనే చేయదగిన పరీక్షలు రెండు గలవు. గాజుసీసాలో మూడవవంతు మట్టి వేసి, నీరు నింపి, కుదిపి యొకదినము కదల్పక యుంచవలెను. ఇసుక అడుగునను, ఒండు నడుమను, బంకమన్ను పైనను పేరుకొని పాళ్లు తెలియును. రెండవది, అడుగు లోతు గుంత త్రవ్వి నీరు నింపి, ఇంకిన పిమ్మట మరల నింపుట. ఆ నీరు మఱునాటికిని నిలిచియున్నచో క్రింద గట్టిపొర గలదని యెఱుగవలెను. అచట చెట్టు వేళ్లు క్రుళ్లును.

పరీక్షాలయమునకు పంపు మట్టిని పైరు కోసిన పిమ్మట, ఎరువు వేయకముందే తీయవలెను. గట్టు, చెట్టునీడ, పెంటదిబ్బ విడిచి, ఎకరమునకు ఎనిమిది పది చోట్ల ఆరంగుళముల గుంత త్రవ్వి, దాని ప్రక్కగోడనుండి పైనుండి క్రిందివఱకు పలుచగా మట్టి చెక్కవలెను. అంతయు కలిపి, పఱచి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెండు తీసివేయుచు అరకిలో మిగుల్చవలెను. నీడను ఆరబెట్టి గుడ్డసంచిలో పంపుడు. ఎరువుల సంచి పనికిరాదు. పండ్లతోటకైనచో మూడడుగుల వఱకు ప్రతి యడుగు మట్టిని వేఱువేఱుగ తీయవలెను.

2015 ఫిబ్రవరి 19న రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన భూసారపత్ర పథకమున మట్టిని 12 అంశములలో పరీక్షింతురు. ఆ పత్రమున ముందుగా రెండంకెలు చూడుడు. ఉదజని సూచిక 6.5 మొదలు 7.5 వఱకు ఉన్న మేలు. 8.5 దాటినచో చౌడు. జిప్సము వేసి, నీరు కట్టి, ఆ నీటిని కాలువద్వారా వెలికి పంపవలెను. మురుగుదారి లేక జిప్సము ఫలింపదు. సేంద్రియ కర్బనము నూటికి 0.5 కంటె తగ్గినచో నేల చిక్కినదని యర్థము.

చిక్కిన నేలకు మాగిన పశువులపెంట, చెఱువుమట్టి, కానుగాకు మన చేతిలోని మందులు. తొలకరికి జనుము గాని జీలుగ గాని చల్లి, పూతకు వచ్చినంతనే దున్నివేయుట మఱియు సులభము. ఇది క్రొత్త మాట కాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, చెట్లు నాటుటకు ముందు నువ్వులు చల్లి, పూచినపుడు అచటనే నలిపివేయుట భూమికి మొదటి సంస్కారమని చెప్పెను. మామిడి గుంతలను వేసవిలోనే మూడడుగుల చదరమున, మూడడుగుల లోతున త్రవ్వి, పైమట్టిని వేఱుగనుంచి, ఎండనిచ్చి, ఆ పైమట్టిని పెంటతో కలిపి పూడ్చవలెను.

యువకులు మొక్కల వెల విచారించి వత్తురు. మట్టి మాట మఱతురు. వానలకు ముందే వారిచే మట్టి తీయించుట పెద్దలమైన మన బాధ్యత యని మనవిచేసి సెలవు తీసికొనుచున్నాను.